పై పళ్ళు సగం అడుగు వెనక్కి వేసిన కథ

ఒకప్పుడు మనుషుల పళ్ళన్నీ ఏటి గులకరాళ్ళలా నున్నగా ఉండేవి. పై పన్ను సరిగ్గా కింది పన్ను నెత్తిన కూర్చునేది. ఎవరి జత వాళ్ళది. చూడటానికి ముచ్చటగానే ఉండేది గానీ, రొట్టెముక్క వేసుకుంటే నలిగేది కాదు. అటు జారి, ఇటు జారి, వేసుకున్నది వేసుకున్నట్టే గొంతుకు అడ్డం పడేది. అందుకని అందరూ అంబలి తాగి బతికేవాళ్ళు.

ఇంకో తంటా కూడా ఉండేది. ఒక పన్ను ఊడిందంటే దాని జతకు ఇక పని లేదు. అది బెంగ పెట్టుకుని నాలుగు రోజుల్లో తనూ ఊడేది.

ఆ రోజుల్లో ఎర్రమల కొండల కింద ఓబులమ్మ అనే అవ్వ ఉండేది. ఊరూరా తిరిగి తిరగళ్ళకు కక్కు కొట్టేది. వాడగా వాడగా తిరగలి రాళ్ళు నున్నబడితే గింజ నలగదు. అప్పుడు ఉలితో రాతిమీద గంట్లు పెట్టాలి. అదే కక్కు కొట్టడమంటే. ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేరు. నోటి దురుసులోనూ లేరు.

అంత గట్టి మనిషికీ ఒక దిగులుంది. మనవరాలు సుంకికి రెండో ఏడు వచ్చినా నడక రాలేదు. అంబలి ఒంటికి పట్టక పిల్ల నానాటికీ చిక్కిపోతోంది. రొట్టె పెడదామంటే నమలలేదు. పిల్ల దక్కుతుందో లేదో అని ఓబులమ్మ గుండెలో రాయి పడింది.

ఒకనాటి మధ్యాహ్నం ఆమె ఉలి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంటుంటే, ముందున్న తిరగలి అంది:

"ఓబులమ్మా, నున్నగుంటే నేనే జొన్నలు నలపలేను. ఆ పసిదాని పళ్ళేం నలుపుతాయి? ఊర్లో రాళ్ళన్నిటికీ కక్కు కొడతావు. ఇంట్లో నోటిని మర్చిపోతివే."

"అవునే, నా బుద్ధి గడ్డి తినిందే" అంది ఓబులమ్మ.

సుంకి పళ్ళు అప్పుడే మొలుస్తున్నాయి, ఇంకా మెత్తగా ఉన్నాయి. అవ్వ తుమ్మముల్లు తెచ్చి దవడపళ్ళ మీద సన్నసన్నగా మిట్టలూ పల్లాలూ పెట్టింది. చక్కిలిగింతలకు పళ్ళు కిలకిలా నవ్వాయి. కొరకడానికి పనికొస్తాయని ముందుపళ్ళను మాత్రం పలకల్లాగే వదిలేసింది.

కానీ ఒక తప్పు చేసింది. జతంటే ఒకేలా ఉండాలి కదా అని, పైన మిట్ట ఉన్నచోటే కిందా మిట్ట పెట్టింది. సుంకి నోరు మూయబోతే మిట్ట మీద మిట్ట నిలబడింది. నోరు మూతపడలేదు. పిల్ల ఏడుపు లంకించుకుంది.

"ఏం పని చేస్తివి అవ్వా, నోరు మూతబడక నేను ఎండిపోతాండా" అని నాలుక మొత్తుకుంది.

ఉన్నదాన్నీ చెడగొట్టానేమోనని ఓబులమ్మ భయపడింది.

"అట్ల జూస్తావేమి, నన్ను జూడు" అంది తిరగలి. "నా పైరాతి మిట్ట కిందిరాతి పల్లంలోకి దిగుతాది. మిట్టమీద మిట్ట కూర్చుంటే నేను తిరుగుతానా?"

అవ్వకు విషయం తెలిసొచ్చింది. "పై పళ్ళల్లారా, రెండుపక్కలా సగం అడుగు వెనక్కి జరగండమ్మా" అని బతిమాలింది.

"మా జతను విడిచి మేం రాము" అన్నాయి పై పళ్ళు, బిగుసుకుని.

ఓబులమ్మ నోరు తెరిచి చూపించింది. లోపల నాలుగే పళ్ళున్నాయి.

"చూడండి నా గతి. కిందిది పోతే పైది గూడా దానెనకే పోయె. మీరు సగం జరిగితే ఒక్కోదానికి ఇద్దరు తోడు దొరుకుతారు. ఒకరు పోయినా ఇంకొకరుంటారు. మీకోసరం కాదులే, ఈ పిల్లకోసరం జరగండి."

పై పళ్ళు మెత్తబడ్డాయి. కింది పళ్ళు, "రాండి వదినా, మధ్యలో కూర్చోండి" అని పిలిచాయి. పై పళ్ళు సగం అడుగు వెనక్కి వేశాయి. నడుమ సందు పడకుండా పై ముందుపళ్ళు రెండూ ఒళ్ళు వెడల్పు చేసుకుని, కిందివాటి మీద చూరులా కాస్త వంగాయి. మిట్టలు పల్లాల్లోకి దిగాయి. అన్నిటికన్నా వెనకున్న పై పన్నుకు మాత్రం ఒక్క తోడే దక్కింది. అది కాసేపు గొణిగి ఊరుకుంది.

అవ్వ జొన్నరొట్టె తునక అందించింది. సుంకి కొరికింది. నమిలింది. మింగి, మళ్ళీ చెయ్యి చాపింది. ఓబులమ్మ ఏడుస్తూ ఇంకో తునక పెట్టింది. నెల తిరిగేసరికి పిల్ల రొట్టెకోసం అవ్వ వెంట తప్పటడుగులు వేసింది. ఆ కబురు నోటినోటికీ పాకి, చిగుళ్ళ కింద నిద్రపోతున్న పళ్ళకూ చేరింది.

అప్పటినుంచే మన దవడపళ్ళు మిట్టపల్లాలతో మొలుస్తున్నాయి, పై ముందుపళ్ళు కిందివాటిని కాస్త కప్పుతున్నాయి. కట్టుడు పళ్ళు పెట్టే డాక్టరు రంగు కాగితం కొరికించి, మిట్టమీద మిట్ట పడి రంగు అంటినచోట అరగదీసేదీ అందుకే. ఎవరికైనా ఒక పన్ను ఊడినా దాని ఎదుటి పన్ను తన రెండో తోడును ఆనుకుని, ఈనాటికీ నములుతూనే ఉంటుంది.