ఎండ వెంబడి మంచం

వివేకం వారింట్లో తెలివి ఎంత ఉండేదంటే, అది కారిపోతుందేమోనని పెద్దాయన పానకాలు నడివేసవిలో కూడా తలపాగా తీసేవాడు కాదు. ఆయన భార్య పున్నమ్మ తల దువ్వుకున్నాక దువ్వెన విదిలించేది కాదు, ఎంతోకొంత తెలివి రాలిపోతుందని. కొడుకు బ్రహ్మయ్యకి ముప్పై ఏళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. "అంత తెలివిగలవాణ్ణి మా పిల్ల తట్టుకోలేదులెండి" అని ఊళ్ళోవాళ్ళు తప్పించుకునేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఇంటిల్లిపాదీ మురిసిపోయి పాయసం వండుకు తినేవాళ్ళు.

కూతురు సామ్రాజ్యాన్ని టౌనులో ఇచ్చారు. ఆమెకి ఇద్దరు పిల్లలు, ఎనిమిదేళ్ళ హాసిని, ఐదేళ్ళ బుజ్జిగాడు. వాళ్ళంటే పానకాలుకి ప్రాణం. వాళ్ళు వచ్చిన రోజు నాలుగు ముద్దలు ఎక్కువ తినేవాడు, వెళ్ళిన రోజు ఆ నాలుగూ తగ్గించేవాడు.

పుష్యమాసం. ఆదివారం పొద్దున్నే మంచులోంచి ఆటో ఒకటి వచ్చి ఆగింది. సామ్రాజ్యం పిల్లలిద్దరినీ దింపి, తండ్రికి వేలు చూపించి మరీ చెప్పింది.

"నాన్నా, ఇవాళ మీకు పరీక్ష. పోయినేడు మీ దగ్గరికి పంపితే ఇద్దరూ ముక్కులు కార్చుకుంటూ వచ్చారు. మా అత్తగారు నెల రోజులు నన్ను వేపుకు తింది. ఈసారి జాగర్తగా వినండి. పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టొద్దు, హాయిగా బయట ఆడించండి. మంచు మాత్రం తగలనీయొద్దు. ఎండొచ్చాక మంచమ్మీద కూర్చోబెట్టి, ఎండ ఎటు జరిగితే మంచం అటు జరపండి. నువ్వూ అమ్మా పక్కనే కూర్చోండి, వాళ్ళని వదిలి లేవొద్దు. సాయంత్రం నేనొచ్చేసరికి ఒక్క తుమ్ము నాకు వినపడిందా, మళ్ళీ వేసవికే పంపడం. వినపడలేదా, చలికాలమంతా ఆదివారం ఆదివారం పంపుతాను."

"మాకు చెప్పాలటే అమ్మాయ్? మేము వివేకం వాళ్ళం" అన్నాడు పానకాలు మీసం దువ్వి. పైకి అలా అన్నాడు గానీ లోపల నెలలు లెక్కపెట్టుకున్నాడు. వేసవి దాకా పిల్లలు రారంటే ఎలాగయ్యా? అన్ని నెలలు నాలుగు ముద్దలు తక్కువ తింటే మనిషి మిగుల్తాడా?

ఆటో అలా వెళ్ళిందో లేదో హాసిని గెంతులు మొదలుపెట్టింది. "తాతయ్యా, శనగచేలోకి పోదాం! పచ్చి శనక్కాయలు తెంపుకుందాం!"

పానకాలు చేను వైపు చూశాడు. ప్రతి ఆకు మీదా మంచు. మంచు తగలనీయొద్దంది కదా. "ఏమేవ్, పాత చీరలు పట్రా, చేను తుడవాలి" అన్నాడు.

ఇంకేముంది! పున్నమ్మ ట్రంకుపెట్టె బోర్లించి పదకొండు చీరలు తెచ్చింది. ముగ్గురూ వంగి ఆకు తర్వాత ఆకు, పసిపిల్లకి మూతి తుడిచినట్టు తుడిచారు. ఒక సాలు అయ్యేసరికి బ్రహ్మయ్య నడుం పట్టుకుని, "నాన్నా, మనం ఇటు తుడుస్తుంటే అటు మళ్ళీ పడుతోంది" అన్నాడు.

"పడేదాన్ని పడనిస్తారట్రా తెలివితక్కువ వెధవా? గొడుగు పట్టు!"

గొడుగు ఒకటి, చేను అరెకరం. అందుకని బ్రహ్మయ్య గొడుగు పట్టుకుని చేనంతా పరిగెత్తాడు. మంచు ఎక్కడ పడితే అక్కడికి ముందే చేరుకోవాలని వాడి ఆత్రం. ఆ గొడుగు కింద దూరి పిల్లలు కూడా కేరింతలు కొడుతూ పరుగు. వాళ్ళ తలమీద ఒక్క చుక్క పడలేదు. వాళ్ళని పట్టుకోవడానికి వెనక పరిగెత్తిన తాతా అమ్మమ్మా మాత్రం నడుం దాకా తడిసి ముద్దయ్యారు. శనక్కాయల సంగతా? ఐదు జతల కాళ్ళ కింద పడి పచ్చడైపోయాయి.

పక్కింటి అచ్చయ్య పళ్ళపుల్ల నములుతూ ఇదంతా చూశాడు. ఆయన మామూలు మనిషి, పాపం. "ఏం బావా, ఆ వణుకేంటి? ఇన్ని పుల్లలేసి మంట పెట్టుకోండి. మంట ఆరిపోకుండా చూసుకుంటే చాలు, చలీ గిలీ దగ్గరికి రాదు" అన్నాడు.

అంతే! వాకిట్లో మంట లేచింది. పున్నమ్మ చిలగడదుంపలు నాలుగు నిప్పుల్లో పడేసింది. పిల్లలు పీటలేసుకుని చుట్టూ చేరారు. కాసేపటికి పానకాలు, "ఇదేం మంటే, ముందువైపు కాలిపోతోంది, వెనకవైపు గడ్డకడుతోంది" అని మొత్తుకున్నాడు.

"దుంపని తిప్పుతున్నారుగా, మనిషైనా అంతే బావా, తిరుగుతుండాలి" అన్నాడు అచ్చయ్య గోడ అవతలి నుంచి. అనకపోయినా బాగుండేది.

ముగ్గురూ లేచి నిలబడ్డచోటే గిరగిరా తిరగడం మొదలెట్టారు. పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి? వాళ్ళూ చేతులు చాపి గింగిరాలు. పది చుట్లకి పానకాలు కళ్ళు మూసుకుపోయాయి.

"ఒసే పున్నమ్మా, ఊరు తిరుగుతోందే!"

"తిరగదా మరి? దానికి మాత్రం చలి కాదూ!"

"అమ్మమ్మా, దుంపలు ఉడికాయో లేదో పుల్ల గుచ్చి చూడాలి" అంది హాసిని. ఆ పిల్ల మాటల్లో తప్పేం లేదు. తప్పల్లా పున్నమ్మ పుల్ల తీసుకుని ముందు దుంపకి గుచ్చి, తర్వాత మొగుడి నడుం మీద గుచ్చడంలో ఉంది. పానకాలు కెవ్వుమన్నాడు. "నువ్వింకా పచ్చిగానే ఉన్నావయ్యా, ఇంకో పది చుట్లు తిరుగు" అని తేల్చేసింది ఆవిడ.

ఆయన తిరుగుతుండగానే మంట తగ్గింది. పుల్లలు అయిపోయాయి. ఆరిపోకుండా చూసుకోమన్నారు కదా! బ్రహ్మయ్య కంప తెచ్చి వేశాడు. అదీ అయిపోయింది. పీటలు వేశారు. రోకలి వేశారు. అదీ చాలలేదు. అప్పుడు పానకాలు తలపాగా సర్దుకుని ఆలోచించాడు. "పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టొద్దంది. ఇంట్లో ఎవరూ కూర్చోనప్పుడు తలుపెందుకురా?"

"నిజమే నాన్నా!" అంటూ బ్రహ్మయ్య వీధి తలుపు ఊడబీకి మంటలో పెట్టాడు. టేకు తలుపు, భేషుగ్గా మండింది. ఆ మంటకి దుంపలు మాడి బొగ్గయ్యాయి గానీ, మంట మాత్రం ఆరలేదు. అదే కదా ముఖ్యం.

ఇంతలో ఎండొచ్చింది. తలుపు బూడిదయ్యాక ఇంకేం కాల్చాలన్న చిక్కు దాంతో తీరింది. నులకమంచం వాకిట్లో ఎండలో వేసి, పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టి, పానకాలు ఒకవైపు, పున్నమ్మ ఒకవైపు కూర్చున్నారు. బుజ్జిగాడు తాత తలపాగా లాగి తన తలకి చుట్టుకున్నాడు. పానకాలు తల ఇంకాస్త వంచి అందనిచ్చాడు. ఆ పసివాడి వెచ్చటి చెయ్యి తన మెడ చుట్టూ పడేసరికి ఆయనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దేవుడా, ఇవాళ్టి పరీక్ష గట్టెక్కించు, ఆదివారం ఆదివారం వీళ్ళని నా పక్కన కూర్చోబెట్టు అని మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం తిరిగింది. ఇంటి నీడ మెల్లగా పాక్కుంటూ వచ్చి మంచంకోడు మీద పడింది.

"మంచం జరపాలి" అన్నాడు పానకాలు.

"మరి దిగు" అంది పున్నమ్మ.

"ఎలా దిగుతానే? వదిలి లేవొద్దని చెప్పిందిగా!"

"నన్ను కూడా లేవొద్దంది."

బ్రహ్మయ్య ఒక్కడే పట్టుకు లాగాడు. నలుగురు మనుషుల మంచం అంగుళం కదల్లేదు. నీడ పానకాలు మోకాలి దాకా వచ్చింది. అప్పుడు వెలిగింది ఆయన బుర్ర. "ఒరే, కొడవలి తే. నులక కోయి. కూర్చునే నడుస్తాం."

అంతే! నులక రెండు చోట్ల తెగింది. పానకాలు కాళ్ళు ఒక చిల్లులోంచీ, పున్నమ్మ కాళ్ళు ఇంకో చిల్లులోంచీ కిందికి దిగాయి. నాలుగు కోళ్ళు, నాలుగు కాళ్ళు. ముందు బ్రహ్మయ్య పట్టె పట్టుకు లాగుతుంటే, మంచం ఎండ్రకాయలాగా వీధిలోకి దిగింది. పిల్లలు పట్టెలు పట్టుకుని, "హెయ్! హెయ్!" అని అదిలించడం మొదలుపెట్టారు. వాళ్ళ జన్మలో అంత మంచి బండి ఎక్కలేదు.

నీడ వెనకాలే తరుముకొస్తోంది. ఇంటి నీడ దాటితే చింతచెట్టు నీడ, అది దాటితే బడిగోడ నీడ. ఊరంతా అరుగుల మీదికొచ్చి చూసింది.

"ఎక్కడికి పానకాలూ, కుటుంబంతో సహా?"

"ఎక్కడికీ కాదు. కదలకుండా కూర్చున్నాం" అన్నాడు పానకాలు రొప్పుతూ.

అలా కూర్చుని కూర్చుని, పొద్దువాలే వేళకి ఊరి చివర అచ్చయ్య కళ్ళం దాకా వచ్చారు. అక్కడ ఇక పోవడానికి ఎండ మిగల్లేదు. నేలంతా నీడే. పానకాలు గాభరాగా నాలుగు దిక్కులూ చూశాడు. అప్పుడు కనపడింది, రెండు నిలువుల గడ్డివామి కొస మీద పసుపుముద్ద పెట్టినట్టు కాస్తంత ఎండ.

"అదుగో పైకి జరిగింది! మంచం అటు జరపండి!"

కళ్ళంలో అచ్చయ్య లేడు, టీ తాగడానికి ఇంటికి పోయాడు. ఆయన ఎడ్లున్నాయి, మోకు ఉంది. ఇంకేముంది! మోకు ఒక కొస మంచానికి కట్టి, వామి మీదుగా అవతలికి విసిరి, రెండో కొస ఎడ్ల కాడికి తగిలించి, బ్రహ్మయ్య "ఛల్" అన్నాడు. ఎడ్లు నడిచాయి. మంచం గడ్డి మీద జరుక్కుంటూ పైపైకి పోయింది. పున్నమ్మ "వామ్మో" అంటుంది, పిల్లలు "ఇంకా, ఇంకా" అంటారు. వామిలో సగం గడ్డి కిందకి జారింది, మంచం మాత్రం కొసకెక్కి కూర్చుంది.

ఆహా! ఎంత ఎండ! దూరాన కాలవ, చేలు, కొంగల బారు, తలుపు లేని తమ ఇల్లు, అన్నీ కనపడుతున్నాయి. "తాతయ్యా, నీ అంత మంచి తాతయ్య మా క్లాసులో ఎవరికీ లేడు" అంది హాసిని ఆయన భుజం మీద తల పెట్టి. పానకాలు గుండె సంతోషంతో పొంగింది. పరీక్ష పాసైనట్టే అనుకున్నాడు.

అప్పుడే రెండు సంగతులు జరిగాయి. ఒకటి, గడ్డి దుమ్ము బుజ్జిగాడి ముక్కులోకి పోయింది. రెండు, రోడ్డు మీద ఆటో ఆగింది. ఊళ్ళోవాళ్ళు దారి చూపిస్తే సామ్రాజ్యం తిన్నగా కళ్ళానికే వచ్చి, తలెత్తి, "నాన్నా! అక్కడేం చేస్తున్నారు?" అని అరిచింది.

"ఎండలో కూర్చున్నాం అమ్మా, నువ్వు చెప్పినట్టే!"

"హ... హా..." అన్నాడు బుజ్జిగాడు. ముక్కు ఎగరేశాడు. కళ్ళు మూశాడు.

పానకాలు పైప్రాణాలు పైనే పోయాయి. చేను తుడిచాం, తలుపు కాల్చాం, వామి ఎక్కాం, ఇంతా చేసి ఒక్క తుమ్ముకి దొరికిపోతామా? "అమ్మాయ్! చెవులు మూసుకో! గట్టిగా!"

సామ్రాజ్యం కూడా వివేకం వారి ఆడపడుచే కదండీ. ఎందుకని అడగలేదు. రెండు చెవులూ మూసుకుంది.

"హాఛ్!"

"ఇక తియ్యమ్మా" అన్నాడు పానకాలు సైగ చేసి. "ఏమైనా వినపడిందా?"

"లేదే!"

"చూశావా మరి!"

"భలే చూశారు నాన్నా పిల్లల్ని" అంది సామ్రాజ్యం సంబరంగా.

టీ తాగి వచ్చిన అచ్చయ్య తన వామి చూసుకుని నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి మీ తెలివి తగలెయ్యా! పొద్దు గుంకింది, మంచు దిగుతోంది. ఎలా ఎక్కారో అలాగే దిగండి బాబూ!"

పానకాలు ఆలోచించాడు. ఎలా ఎక్కాం? ఎండ వెంబడి ఎక్కాం. మరి ఎండ లేకుండా ఎలా దిగుతాం? "ఎండ మళ్ళీ వచ్చి, ముందుగా అది దిగాలి అచ్చయ్యా. దాని వెనక మేం దిగుతాం. తొందరపడితే పనులు చెడతాయి."

"రేప్పొద్దున దాకానా?"

"దాని వీలుని బట్టి."

"నాన్న చెప్పింది సబబుగానే ఉంది" అంది సామ్రాజ్యం. "అయితే నేను కింద ఒక్కదాన్నీ ఏం చేస్తాను?" అని కళ్ళంలో ఉన్న నిచ్చెన వేసుకుని తనూ ఎక్కి మంచమ్మీద చోటు చేసుకుంది. ఎవరు ఎంత మొత్తుకున్నా ఆ నిచ్చెన మీద మిగతావాళ్ళు దిగలేదు. వాళ్ళు నిచ్చెన మీద ఎక్కలేదు కదా!

మంచు కమ్ముకొచ్చింది. ముందు పున్నమ్మ ముక్కు ఎగరేసింది, తర్వాత హాసిని, తర్వాత మళ్ళీ బుజ్జిగాడు. పానకాలు కంగారుగా, "మూయండి, మూయండి, అమ్మాయికి వినపడుతుంది!" అన్నాడు. ఇంకేముంది! మంచమ్మీద గుండ్రంగా తిరిగి కూర్చుని, ఎవరి ముందున్నవాళ్ళ చెవులు వాళ్ళు గట్టిగా మూశారు. పానకాలు సామ్రాజ్యం చెవులు, సామ్రాజ్యం బుజ్జిగాడి చెవులు, బుజ్జిగాడు అక్క చెవులు, హాసిని అమ్మమ్మ చెవులు, పున్నమ్మ మొగుడి చెవులు. అప్పుడిక అందరూ నిశ్చింతగా, ఒకరి తర్వాత ఒకరు, తనివితీరా తుమ్ముకున్నారు. కింద ఎడ్లు బెదిరాయి.

"అమ్మాయ్, వచ్చే ఆదివారం పంపుతావా మరి?" అని అరిచాడు పానకాలు.

ఆయన ప్రశ్న ఆమెకి వినపడలేదు గానీ, సామ్రాజ్యం మనసు ఆపుకోలేక తనంతట తనే చెప్పేసింది. "నాన్నా, ఒక్క తుమ్మూ వినపడలేదు! ఆదివారం ఆదివారం పంపుతాను!"

"పంపుతానంటోంది నాన్నా!" అని కింద నుంచి బ్రహ్మయ్య గొంతు చించుకున్నాడు.

పానకాలు మంచులోకి చూస్తూ దిగాలుగా నిట్టూర్చాడు. "ఏమీ అనడం లేదంటే, పంపదు కాబోలే!" అన్నాడు పున్నమ్మతో.

పున్నమ్మ ఒక్క తుమ్ము తుమ్మి, ఆయన చెవులు ఇంకాస్త గట్టిగా మూసింది.