ఖాళీ పల్లకి బరువు

ఒకానొక రాజ్యంలో కేసరివర్మ అనే రాజుగారికి కవిత్వం రాయడం రాదు గానీ, ఎవరు ఏం రాసినా దానికి అర్థం చెప్పడమంటే మహా సరదా. ఆయన చెప్పిన అర్థానికి తల ఊపనివాడికి ఆ తల దక్కేది కాదు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాజుగారి తండ్రి పెద్దరాజుగారు పోయిన తిథినాడు ఏటా ఆయన పల్లకిని ఖాళీగా కోట చుట్టూ మోస్తారు. ఆ యేడు మోసివచ్చిన పుల్లడనే బోయీ చెమట తుడుచుకుంటూ మూడు ముక్కలు పాడాడు:

ఖాళీ పల్లకి.
కోట మలుపు దగ్గర
భుజం కుంగింది.

అది చెవిన పడగానే రాజుగారు పుల్లణ్ణి పిలిపించారు. "ఖాళీ పల్లకి అంటే మేము. కుంగిన భుజం మా ప్రజలు. ఇంత గూఢార్థం బోయీకి తోచదు. ఇది ఏ శత్రుకవి ప్రభావం? ఎవరి దగ్గర నేర్చావురా?"

"భుజం దగ్గర, దొరా," అన్నాడు పుల్లడు.

పొద్దుగుంకేలోగా కవి పేరు చెప్పకపోతే వీడి తల తీయించమన్నారు రాజుగారు.

ఆస్థాన విదూషకుడు తిప్పన్న ముందుకొచ్చాడు. నవ్వించి బతికేవాడికి ఆ పూట నవ్వు రాలేదు.

"ప్రభూ, పోలికకు బరువుండదు. తమరే ఒకసారి మోసి చూడండి. మలుపు దగ్గర బరువు పెరగకపోతే వీడి తల తీయించండి. పెరిగితే వీడు చెప్పింది ఉన్నమాటే."

తండ్రి పల్లకికి భుజం పట్టనని ఏ కొడుకంటాడు? రాజుగారు ఒప్పుకున్నారు.

పల్లకి ముందు దండెను భుజానికెత్తుకోవడంలో రాజుగారి జోడీ పుల్లడే. తిప్పన్న వాడి చెవిలో, "మలుపు రాగానే నీ భుజం తప్పించు. బరువంతా ఆయన మీద పడుతుంది," అన్నాడు.

సాయంకాలం పల్లకి లేచింది. మలుపు దగ్గర గాలి ఆగిపోయింది. అయినా పల్లకి తెర కదిలింది. లోపల ఎవరో సర్దుకుని కూర్చున్నట్టయింది. రాజుగారి భుజం కుంగి, మోకాలు నేలకు తగిలింది. తెర తీసి చూస్తే పరుపు తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు అర్థం సెలవియ్యండి, ప్రభూ," అన్నాడు తిప్పన్న.

"భుజం కుంగింది. అంతే."

"మరి ఎవరి ప్రభావం?"

రాజుగారు పల్లకి వంక చూశారు. "మా నాన్నగారిది. పుల్లణ్ణి వదిలేయండి."

ఆయన పల్లకికి చేతులు జోడించడం చూసి తిప్పన్నకు జాలేసింది. తన ఎత్తు దాచకుండా చెప్పేశాడు. రాజుగారు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు పగలబడి నవ్వి, తన శాలువా తీసి అతనికి కప్పారు.

ఆయన వెళ్లాక తిప్పన్న పుల్లడి వీపు తట్టాడు. "భలే సమయానికి తప్పించావురా."

పుల్లడు ఇంకా భుజం పట్టుకునే ఉన్నాడు.

"తప్పించాలనే చూశానయ్యా. దండె కదలనియ్యలేదు."