పంటికట్టెను పొయ్యిలో పెట్టించిన ఐలవ్వ

ఊఁ కొట్టేవాళ్ళుంటే చెబుతాను. మా అమ్మమ్మల అమ్మమ్మలు ఇంకా ఉయ్యాలల్లో ఉన్నప్పటి ముచ్చట ఇది.

గుట్ట కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇంటింటి చూరులో ఒక పంటికట్టె ఉండేది. బిడ్డ పాలు తాగేటప్పుడు చనుమొనలు నొప్పి పెడితే, బాలింత అరవకుండా పళ్ళ మధ్య పెట్టుకునే చింతకట్టె. అత్త కరిచిన కట్టెనే కోడలు కరవాలి. ఎన్ని గాట్లుంటే అంత గొప్ప తల్లి. కట్టె ఇచ్చినవాళ్ళే గాని, నొప్పి ఎందుకని అడిగినవాళ్ళు లేరు.

ఆ ఊరి సత్తెవ్వకు తొలి కాన్పులో కొడుకు పుట్టాడు. మొదటి రోజు నొప్పి. కట్టె కరిచింది. రెండో రోజు నెత్తురు. కట్టె కరిచింది. మూడో రోజు పిల్లవాడికి ఏడ్చే ఓపిక కూడా లేదు. సత్తెవ్వ కట్టె కింద పెట్టేసింది.

"అత్తమ్మా, నాతోని కాదు. పిల్లగాడు దక్కేటట్టు లేడు."

"నీ మొగనికి పాలిచ్చినప్పుడు నేను పన్నెండు గాట్లు పెట్టిన. కట్టెను కొరుకు," అంది అత్త బాలవ్వ.

అప్పుడే పిల్లవాడికి చిన్న గొంగడి ఇద్దామని ఐలవ్వ వచ్చింది. ఊరి గొర్రెలు కాసే మనిషి. ఆమె కట్టెను చూడలేదు, పిల్లవాడి నోటిని చూసింది.

"చన్ను కొస పట్టుకొని నములుతున్నడు. అట్లయితే పాలు రావు, పుండయితది."

"ఒక్క పిల్లను కనలే, నువ్వు చెప్పొచ్చినవా?" అంది బాలవ్వ.

"కనలే అక్కా. ఏటేటా నూరు గొర్రెపిల్లలకు పాలు తాగుడు నేర్పిన. చన్ను నొస్తే గొర్రె తంతది. దాని నోట్లె నేను కట్టె పెట్టను. పిల్ల నోరు సరిజేస్త."

"గొర్రెకూ నా కోడలికీ పోలికనా?"

"గొర్రెకున్న న్యాయం నీ కోడలికి లేదంటున్న."

బాలవ్వ పక్కకు జరిగి చోటిచ్చింది.

ఐలవ్వ పిల్లవాడి పొట్టను తల్లి పొట్టకు ఆనించింది. చనుమొనతో పెదవిని తాకించమంది. "ఆగు. ఆవులించినంత నోరు తెరిచేదాక ఆగు."

వాడు కొసే పట్టాడు.

"నొస్తున్నదా బిడ్డా?"

"నొస్తున్నది."

"గుంజకు. చిటికెనవేలు నోటి మూలన పెట్టి విడిపియ్యి."

రెండోసారీ కొసే పట్టాడు. నొస్తున్నదా అంటే నొస్తున్నదంది. మళ్ళీ విడిపించింది. మూడోసారి నోరు నిండా పట్టాడు. గడ్డం రొమ్ములోకి ఒత్తుకుంది. గుటక వినబడింది.

"నొస్తున్నదా బిడ్డా?"

సత్తెవ్వ కాసేపు చూసుకుంది. "పుండు చురుక్కుమంటున్నది. కోసినట్టుండే ఆ నొప్పి లేదు."

"తాగినంక రెండు చుక్కలు నీ పాలే రాసి ఆరనియ్యి. మానుతది."

బాలవ్వ కట్టె అందుకుంది. తన పన్నెండు గాట్లను వేలితో తడిమింది.

"నన్నెవరూ అడగలేదే ఐలవ్వా," అంది మెల్లగా.

తన చేతులతోనే ఆ కట్టెను పొయ్యిలో పెట్టి, కోడలికి నీళ్ళు కాచింది. వారం తిరిగేసరికి ఊళ్ళో ఒక్క చూరులోనూ కట్టె మిగల్లేదు.

ఐలవ్వ పోయి ఎన్ని తరాలయిందో లెక్క లేదు. ఆమెకు గుడి లేదు, గద్దె లేదు. కానీ ఆ గుట్ట కింద ఈనాటికీ బాలింత నీళ్ళపొయ్యిలో మొదట చింతపుల్ల వేస్తారు. చూడవచ్చిన ఆడవాళ్ళెవరూ ముందుగా ఆడపిల్లా మగపిల్లాడా అని అడగరు. తల్లి పక్కన కూర్చుని, ఐలవ్వ మాటే అడుగుతారు.

"నొస్తున్నదా బిడ్డా?"