నాంచారి నూరుగురు బంట్లు

అనగనగా రెండు రాజ్యాలు. వాటి మధ్య ఏటి నీళ్ల కోసం ఏటేటా తగువే. కొట్టుకుని కొట్టుకుని విసిగిపోయిన రాజులు చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఇక మీదట పోరు బల్ల మీదే, కొయ్య సేనలతోనే. గెలిచిన రాజ్యానికి ముందు నీళ్లు. నియమం ఒక్కటే: ఒళ్లంతా రంగు పడని బంటుకు బల్ల మీద చోటు లేదు.

ఒక ఏడు తూర్పు రాజు సేనను చెదలు తినేశాయి. పోరుకు నూరుగురు బంట్లుంటే చాలు. అయినా ఎందుకైనా మంచిదని వడ్రంగులు ఆదరాబాదరాగా మూడు వందలు చెక్కేసరికి పోరుకు మూడు రోజులే మిగిలాయి. ఒళ్లు వేరు, కత్తి వేరు, డాలు వేరు. డాలు చింతగింజంత ఉంటుంది, అంతే.

రాజు ముగ్గురు రంగులవాళ్లను పిలిచి తలా నూరు బంట్లు పంచాడు. "నూరూ పూర్తి చేసినవారిదే కోట బొమ్మలశాల" అన్నాడు.

ఆ ముగ్గురిలో ఒకతె నాంచారి. ఆ శాలలోనే కాపురముంటోంది. ఆమె మగడు అక్కడే రంగులు వేసి, ఆరునెలల క్రితం పోయాడు. ఓడిపోతే అత్తను వెంటబెట్టుకుని ఆ గడప దాటాలి. ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు.

మొదటి రోజు సాయంత్రం మంత్రి చూడవచ్చాడు. మిగతా ఇద్దరిలో కామాచారి దగ్గర పద్నాలుగు బంట్లు సిద్ధం, మీసాలతో, చెవిపోగులతో సహా. బసవయ్య అన్నీ ముందే అతికించేసి, నూరింటినీ నిలబెట్టి రంగు పులుముతున్నాడు. నాంచారి దగ్గర ఒక్క బంటూ లేదు. వరసగా అరటిబోదెలు, వాటి నిండా తుమ్మముళ్లు. ఒక్కో ముల్లు మొదలుకు మైనంతో అంటించిన ఒక కత్తో డాలో. పక్కనే కత్తీ డాలూ లేని ఉత్త ఒళ్లు. అన్నిటికీ సుద్ద తెలుపు.

"ఏమమ్మా, బంట్లను చేయమంటే ముళ్లపందులను చేస్తున్నావా?" అన్నాడు మంత్రి. వెంట వచ్చినవాళ్లు నవ్వారు. నవ్వడం వాళ్ల కొలువులో భాగమే.

రెండో రోజు కామాచారివి ఇరవై ఎనిమిది. బసవయ్య సేన చూడముచ్చటగా ఉంది. నాంచారి ముళ్లు తెలుపు పోయి ఎర్రబడ్డాయి, అంతే. మంత్రి ఈసారి వేళాకోళం కూడా చేయలేదు.

ఆయన వెళ్లగానే అత్త లబోదిబోమంది. "ఒక్కదాన్నయినా పూర్తి చేసి చూపించవే తల్లీ! పరువు నిలబడుతుంది."

నాంచారికీ భయంగానే ఉంది. అయినా కుంచె ఆపలేదు.

"ఒక్కదాని కోసం ఎర్రగిన్నె మూసి నల్లగిన్నె తెరవాలి అత్తా. కుంచె కడగాలి, తడి ఆరేదాకా కూర్చోవాలి. అదే నూరింటికీ వరసగా ఒకే రంగు పూస్తూ పోతే నూరోది పూసేసరికి మొదటిది ఆరిపోతుంది. ఇక డాలు ముందే అతికించామా, దాని వెనక కుంచె దూరదు."

మూడో రోజు పొద్దున్నే నలుపు ముగిసింది. మైనం వల్ల రంగు పడకుండా మిగిలిన చుక్కంత చోటే బంకకు సరిపోయింది. అత్త అందిస్తుంటే కోడలు అతికించింది. మధ్యాహ్నానికి నూరుగురూ లేచి నిలబడ్డారు.

సాయంత్రం పడమటి రాజు పంపిన పరీక్షకుడు వచ్చాడు. మహా చాదస్తుడు. కామాచారివి నలభై ఒకటి ఒప్పుకున్నాడు. బసవయ్య బంటును ఒకదాన్ని ఎత్తి డాలు వెనక్కి తొంగి చూశాడు. పచ్చి కొయ్య కనిపించింది. రెండోది చూశాడు, పదోది చూశాడు. "నూరూ చెల్లవు" అన్నాడు.

నాంచారి బంటును కూడా అలాగే ఎత్తాడు. డాలు వెనక పిడికి ఎర్ర రంగు, దాని కింద రొమ్ముకు నల్ల కవచం. తలకిందులు చేసి చూశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకక చిన్నబుచ్చుకున్నాడు. "నూరూ చెల్లుతాయి."

అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మంత్రికి మాత్రం అర్థం కాలేదు. "నిన్నటిదాకా నీ దగ్గర ఒక్క బంటూ లేడు కదమ్మా!"

"ఉన్నారండీ" అంది నాంచారి. "నూరుగురూ కలిసి పెరుగుతున్నారు. తమరు ఒక్కొక్కరి కోసం వెతికారు."

రాజు బొమ్మలశాల తాళంచెవి ఆమెకే ఇచ్చాడు. మర్నాటి నుంచి ఊళ్లో తుమ్మముళ్లకు గిరాకీ పెరిగింది. అందరికంటే ముందు ఏరుకోవడానికి వెళ్లినవాడు బసవయ్య.

కాబట్టి పిల్లలూ, ఎవరి మెప్పు కోసమూ పని వరస తప్పకండి. వరసగా సాగిన పనే వేళకు పూర్తవుతుంది.