వెనక స్పీకర్లలో ఎస్తేర్

కార్నీలియస్ మాస్టారిని ఎవరైనా కోపంగా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. మిక్సింగ్ బల్ల మీది మీటలన్నీ కిందికి దించుతారు. గదిలో శబ్దం పూర్తిగా ఆగాక, అడిగినవారిలో కోపం ఇంకా ఎంత మిగిలిందో చూసి అప్పుడు నోరు విప్పుతారు. సికిందరాబాదులో ఆయన దగ్గర శబ్దం కలపడం నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు.

ఆ రోజు ఆయన శిష్యురాలు నిరుపమ కోపం తగ్గలేదు. చిన్నప్పుడు తండ్రి క్యాసెట్లో వింటూ పెరిగిన ఒక పాత ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్‌ను ఎవరో మళ్ళీ మిక్స్ చేసి, గది చుట్టూ పెట్టిన స్పీకర్లలో వినబడేలా విడుదల చేశారు. ఆమె అది విని నేరుగా మాస్టారి దగ్గరికి వచ్చింది.

"గిటార్ నెత్తిమీంచి పోతోంది మాస్టారూ. డ్రమ్స్ వీపు వెనక మోగుతున్నాయి. పాట విన్నట్టు లేదు, జాతరలో తప్పిపోయినట్టుంది. వీళ్ళకి ఈ హక్కు ఎవరిచ్చారు? జనం ఇన్నేళ్ళు గుండెల్లో పెట్టుకున్నదాన్ని ముట్టుకోకుండా ఉంచాలా, వద్దా?"

మాస్టారు ఉంచాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఎస్తేర్ గారని ఒకావిడ సంగతి చెప్పారు.

డెబ్బైల్లో ఆ ఊళ్ళోనే గ్రానైట్ మూన్ అని ఒక బృందం ఉండేది. ఒకే ఒక్క ఆల్బమ్ చేసింది. అందులో ఒక పాట రికార్డు ఒక పక్కంతా సాగుతుంది. దాన్ని కట్టింది గిటార్ వాయించిన రణధీర్ రావేనని అభిమానులందరి నమ్మకం. ఆర్గన్ వాయించినామె ఎస్తేర్ రాణి. ఆదివారాలు చర్చిలో వాయించేది, తక్కిన రోజులు వీళ్ళతో. రికార్డులో ఆమె ఆర్గన్, వంటింట్లో ఎవరో మసలుతున్నట్టు, ఉందీ లేనట్టు వినిపించేది.

చాలా ఏళ్ళకు రికార్డు కంపెనీవాళ్ళు ఆ ఆల్బమ్ టేపులు మాస్టారికి తెచ్చి, చుట్టూ వినిపించేలా కొత్తగా చెయ్యమన్నారు. అలాంటి టేపు మీద ఒక్కో వాద్యం విడివిడిగా ఉంటుంది. మాస్టారు తక్కినవన్నీ ఆపి ఆర్గన్ ఒక్కదాన్నే విన్నారు. తర్వాత గిటార్ కలిపి విన్నారు. పాట ఎక్కడ మలుపు తిరిగినా ముందు తిరిగేది ఆర్గనే. గిటార్ దాన్ని అందుకునేది. మొదట మిక్స్ చేసిన రోజుల్లో ఎవరో ఆ ఆర్గన్‌ను అట్టడుగుకు నొక్కేశారు. ఆయన దాన్ని ఉండవలసిన ఎత్తుకు తెచ్చారు. ఎవరు ఎటుపక్కనుంచి వినిపించాలో మాత్రం కంపెనీవాళ్ళే తేల్చి చెప్పారు: రణధీర్ గిటార్ ఎదురుగా, ఆర్గన్ వెనక స్పీకర్లలో.

పని అయ్యాక ఇద్దరినీ పిలిచారు. అప్పటికి ఇద్దరి తలలూ నెరిశాయి. ఎస్తేర్ గారు గది మధ్యన కుర్చీలో కూర్చున్నారు. రణధీర్ రావు తలుపు దగ్గర నిలబడ్డాడు. పాట సగంలో ఉండగా ఆమె చెయ్యెత్తి ఆపమన్నారు.

"అప్పుడు నన్ను వినపడకుండ చేసిన్రు. ఇప్పుడు వినపడుతున్న. మంచిదే. ఏ దిక్కుకెల్లి?"

"వెనకనుంచి అమ్మా," అన్నాడు కంపెనీ మనిషి. "కొత్త పద్ధతిలో వెనక అంటే తక్కువేం కాదు."

"తక్కువ కాకపోతే ఆయన్ని ఆడ కూసోబెట్టు."

ఆమె లేచారు. అది బరువైన టేకు కుర్చీ. మాస్టారు సాయం పట్టబోతే పట్టనివ్వలేదు. నేల మీద కీచుమంటూ దాన్ని తనే వెనక గోడ వైపు తిప్పుకుని కూర్చుని, "మొదటికెల్లి పెట్టు" అన్నారు.

ఆ పాట మాస్టారు ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. ఆర్గన్ వైపు ముఖం పెట్టి మాత్రం ఎన్నడూ వినలేదు; ఈసారి ఆయనా అటు తిరిగారు. ఎస్తేర్ గారి వేళ్ళు మోకాళ్ళ మీద, స్వరం రావడానికి ఒక్క పిసరు ముందే కదులుతున్నాయి. వీపు వెనకనుంచి వస్తున్న గిటార్, తోవ తెలియని మనిషి దీపం పట్టుకున్నవాళ్ళ వెంట నడిచినట్టు నడుస్తోంది.

పాట ముగిసింది. రణధీర్ రావు ముఖం కందిపోయింది.

"ఇట్ల వింటే ఆమె పాటకు నేను వాయించినట్టున్నది."

"అట్లనే వాయించినవ్," అన్నారు ఎస్తేర్ గారు, అతని వైపు తిరక్కుండానే.

అతను కంపెనీ మనిషి వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు జనం విన్న పాటను చెడగొట్టొద్దు. ఆర్గన్ అప్పుడెంత ఉండెనో అంతనే ఉంచున్రి."

కంపెనీ మనిషి మాస్టారి ముఖం చూశాడు. మాస్టారు బల్ల మీదనుంచి చేతులు తీసేశారు. "ఆమెను మళ్ళీ నా చేత్తో దించను. ఇంకెవరినైనా చూసుకోండి."

చూసుకున్నారు. టేపులు వేరే స్టూడియోకి వెళ్ళాయి. విడుదలైన ఆల్బమ్‌లో డ్రమ్స్ గది చుట్టూ తిరిగాయి, ఉరుములు పైకప్పులోంచి దిగాయి, గొంతులు నాలుగు మూలలనుంచీ పలికాయి. జనం ఊగిపోయారు. ఆర్గన్ మాత్రం ఉందీ లేనట్టే ఉంది. విడుదల సభకు ఎస్తేర్ గారినీ పిలిచారు, ఆమె వెళ్ళారు. కుర్ర అభిమాని ఒకడు దగ్గరికొచ్చి, బృందంలో మీరేం చేసేవారండీ అని మర్యాదగానే అడిగాడట. "పాట చేసేదాన్ని," అన్నారట ఆవిడ. అతను నవ్వి, "ఓహో, పాడేవారా?" అన్నాడట.

నిరుపమ కూర్చున్నచోటునుంచి లేచి నిలబడింది.

"ఎంత అన్యాయం మాస్టారూ! డ్రమ్స్ మార్చారు, గొంతులు మార్చారు, లేని ఉరుములు తెచ్చి పెట్టారు. ముట్టుకోనిదంటూ లేదు కదా. ఆర్గన్ ఒక్కటీ ఎందుకు మార్చలేదు?"

మాస్టారు దించిన మీటలు ఒక్కొక్కటే మళ్ళీ పైకి జరిపారు.

"అదొక్కటే అసలుది, జనం గుండెల్లో పెట్టుకున్నది అన్నారమ్మా."