సర్పంచిగారి విగ్రహం కొండ దిగిన వైనం

కొండమీది పనసపాడులో సర్పంచి అప్పలనరసింహంగారికి ఒక డీజిల్ పికప్ ఉండేది. దాన్ని పైడిరాజు నడిపేవాడు. రోజూ అనాసపళ్ల లోడుమీద కూలీలు కూడా ఎక్కి ఘాట్‌రోడ్డు దిగేవారు. కింది మలుపులకొచ్చేసరికి బ్రేకులు కాలి కంపు కొట్టేవి.

"బాబూ, ఇంజిన్ పొగను అడ్డగించి బండిని నిదానంగా దింపే ఎగ్జాస్ట్ బ్రేకు పెట్టిద్దాం" అని పైడిరాజు ఎన్నిసార్లు అడిగినా, "నడపడం రాక బ్రేకుమీద పెడతావేంరా" అని ఆయన కసిరేవారు.

ఆ ఏడు సర్పంచిగారు తన నిలువెత్తు రాతివిగ్రహం చెక్కించుకున్నారు. దాన్ని కొండ కింది సంతలో నిలబెట్టాలి. "జాగ్రత్తగా దింపరా" అన్నారు.

"అలాగే బాబూ. బ్రేకు పట్టకపోతే నేనూ కూలీలూ దూకేస్తాం. తమరే దూకలేరు" అన్నాడు పైడిరాజు, విగ్రహాన్ని చూపించి.

ఆ పూటే ఇద్దరూ మెకానిక్ దగ్గరికి వెళ్లారు. అతను రెండు ఎగ్జాస్ట్ బ్రేకులు చూపించి, పెద్దది ఈ బండికని, చిన్నది ఇందులో సగం లోడు మోసే బండికని చెప్పాడు. సర్పంచిగారి చెయ్యి చవకైన చిన్నదానిమీదికే పోయింది.

పైడిరాజు వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"మంచిది బాబూ. అయితే విగ్రహాన్ని సగానికి కోయించి దింపుతాను. ముందు తలవైపు దింపమంటారా, కాళ్లవైపా?"

సర్పంచిగారు చిన్నదాన్ని వదిలి పెద్దదాన్ని అందుకున్నారు.

విగ్రహం చెక్కుచెదరకుండా సంత చేరింది. మర్నాటినుంచి కూలీలు కబుర్లాడుకుంటూ కొండ దిగారు. సంతలో ఆ విగ్రహాన్ని చూసి జనం నవ్వుకునేవారు గానీ, పైడిరాజు మాత్రం రోజూ దానికి మనస్ఫూర్తిగా దండం పెట్టేవాడు.