బోర్లా వేసిన బండ

రేయ్, ఇది నమ్మితే మీరు మొనగాళ్లు. నమ్మకపోతే మా ఊరికి రండి, బండ ఎత్తి చూపిస్తా. మీరు ఎత్తలేరు, అది వేరే సంగతి. పది మంది కావాల.

మీ జేజికి జేజి, ఆయమ్మకు జేజి, ఆయమ్మకు ఇంకా పాలపండ్లు కూడా ఊడని కాలంలో మా ఊర్లో ఒక పెద్దరెడ్డి ఉండె. పశువులన్నిటినీ బోదగడ్డితో కట్టిన కొట్టంలో కట్టేస్తుండె. కొండలోంచి చిరుతపులి దిగి, బోద చీల్చి, దూడను ఎత్తకపోతుండె. ఒకటి పాయె. రెండు పాయె. మూడోది కూడా పాయె.

"రాయితో కడతా. దాని గోళ్లు ఊడిపోవాల" అన్నాడు రెడ్డి.

కట్టించినాడు! గోడలు రెండు మూరల మందం. స్తంభాలు రాయి. మేత వేసే గాడి రాయి. కప్పు కూడా రాయే, దాని మీద చౌడు మన్ను. గాలికని గోడల్లో సందులు పెట్టినారు, పిల్లి దూరతాది, పులి దూరదు. కింద నేలంతా నల్లబండలు. ఎర్రన్నని ఒక మేస్త్రీ. మూడు నెలలు ఆ బండల్ని అరగదీసినాడు. వంగి చూస్తే మొగం కనపడేది. రెడ్డి దినామూ పోయి మీసం చూసుకోని వస్తుండె.

ఆ కొట్టంలో పేడ ఎత్తే ముసలామె పేరు చౌడవ్వ. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఉండేది ఒక్క ఆవు, పేరు చుక్క. నిండు చూలుతో ఉండె.

మొదటిరోజు చౌడవ్వ ఒట్టికాళ్లతో బండ మీద నిలబడె. "కాలికి పట్టు లేదు సామీ" అనె.

"నీకు వయసైపోయింది లేవ్వా" అని రెడ్డి నవ్వె.

రెండోరోజు ఎద్దు జారె. మోకాళ్లు చీరుకపాయె. "కాలికి పట్టు లేదు సామీ" అనె చౌడవ్వ.

"ఎద్దుకు కండ్లు నెత్తికెక్కినాయి, నా బండకేమైంది?" అన్నాడు ఎర్రన్న.

మూడోరోజు చూలు బర్రె జారి పడె. కడుపులో దూడ దక్కలా. "కాలికి పట్టు లేదు సామీ" అనె చౌడవ్వ. ఈసారి ఎవరూ నవ్వలా. కానీ నేల మార్చనూ లేదు.

ఆ మధ్యాన్నమే ఊర్లోకి కేక వచ్చె, పులి మళ్లీ దిగిందని. "పొద్దు గుంకేలోపల ఒక్క పశువు బయట ఉండకూడదు. చౌడవ్వ ఆవుతో సహా" అన్నాడు రెడ్డి.

చౌడవ్వ పలుపు చేతికి చుట్టుకోని గడపకు అడ్డం నిలబడె.

"జరుగవ్వా. బయటుంటే పులి తింటాది."

"లోపలుంటే బండ తింటాది."

"మరి ఏం చేయమంటావ్?"

"నిండు కడవ నెత్తిన పెట్టుకో. చెప్పులిప్పు. గడప కాడ నుంచి గాడి దాకా నడువు. నువ్వు పడకపోతే నా చుక్కను తోలతా."

ఊరంతా చేరె. రెడ్డి మీసం దువ్వి కడవ ఎత్తుకున్నాడు. నేలంతా ఉచ్చా, పేడా. ఒక అడుగు. రెండో అడుగు. మూడో అడుగు... దబ్బుమనె! కడవ ముక్కలు. రెడ్డి పేడలో.

ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. చుక్క ఒక్కటే "అంబా" అనె.

రెడ్డి పడుకునే అన్నాడు, "కాలికి పట్టు లేదవ్వా!" అని ఆయప్పే ముందు నవ్వినాడు. ఇంక ఊరు ఆగుతాదా?

ఎర్రన్న తల పట్టుకున్నాడు. "కొత్త బండలు రావాలంటే నెలలు పడతాది. పులి ఈరోజే ఉందే!"

"కొత్తవెందుకు నాయనా? తిరగెయ్. కింద పక్క నువ్వు ఉలి తాకించలేదు కదా. అది గరుకే."

"నా మూడు నెలల పని మన్నులోకి పోతాదవ్వా!"

"పశువు నిలబడితే అదే నీ పని నాయనా."

ఎర్రన్నే మొదటి గడ్డపార పట్టినాడు. ఊరంతా పట్టె. పొద్దు గుంకేలోపల అన్ని బండలూ బోర్లా పడినాయి.

చుక్క వాసన చూసె. ఒక కాలు పెట్టె. రెండోది పెట్టె. మూడోది పెట్టె. జారలా! నేరుగా గాడి కాడికి పోయి మేత అందుకునె. పులి వచ్చె, గోడ గీరె, పాయె. వారానికి చుక్క ఈనె. దూడ వణుక్కుంటా లేచి, ఆ గరుకు బండ మీద నిలబడె. చౌడవ్వ పేడతట్ట పక్కన పెట్టి, కూర్చోని, తనివితీరా ఏడ్చె.

శానా ఏండ్లకు చౌడవ్వ పాయె. ఎర్రన్న అప్పటికి ముసలోడు. ఒక బండను మళ్లీ నున్నగా అరగదీసి, ఆమె పేరు చెక్కి, గడపలో వేస్తానన్నాడు.

"పేరును తొక్కుతారా, పాపం కదా?" అనిరి ఊరోళ్లు.

"పేరు పైకి పెడతానని ఎవడన్నాడు?" అని బోర్లా వేసినాడు. ఆ పేరు ఇంతవరకు ఎవరూ చూడలా. కానీ గడప దాటేటప్పుడు ఆ బండను తాకి కండ్లకు అద్దుకుంటారు.

ఇప్పటికీ మా పక్క కొత్త కొట్టం కడితే, పశువుకంటే ముందు యజమాని దిగాల. తడినేల, ఒట్టికాళ్లు, నెత్తిన నిండు కడవ. పడితే నేల మార్చాల్సిందే. దాన్ని చౌడవ్వ కడవ అంటారు. పోయినేడు మా మామ షెడ్డుకు టైల్స్ వేయించినాడు. వద్దన్నా వినలా. సరే, కడవ ఎత్తుకున్నాడు. ఒక అడుగు. రెండో అడుగు. మూడో...

ఆ, వస్తున్నా మా! రేయ్, దూడ కట్టు తెంచుకునిందంట, మా అమ్మ అరుస్తాంది, ఫోన్ పెట్టేస్తున్నా!